ఎడమ వైపు గళ్ళు

జూన్ 10, మంగళవారం

క్లబ్బు నుంచి వస్తుంటే ఇస్సాక్ భాయ్ బండి స్లిప్ అయింది. నేను పది అడుగుల వెనకే ఉన్నాను. భవానీపురం మలుపులో ఎవరో ఇల్లు కడుతూ ఇసుకంతా రోడ్డు మీదే పోశారు. ఆయన డివైడర్ పక్కకి పడ్డారు. తల ఆ రాయికి తగిలిన చప్పుడు నాకు వినపడింది. హెల్మెట్ ఉంది, బండి అద్దానికి తగిలించి. రక్తం రాలేదు. కుడి చెవి పైన చిన్న బొప్పి కట్టింది, అంతే.

హాస్పిటల్‌కి పోదాం అంటే నవ్వారు. టీ తాగించి పంపించాను. వెళ్తూ వెళ్తూ ఒక మాట తీసుకున్నారు. వాళ్ళావిడ ఫరహత్ భాభీకి చెప్పకూడదట. చెబితే ఆవిడ బండి తాళాలు లాగేసుకుంటుందట, అరవై ఒకటో ఏట తను ఆటోల్లో తిరగలేడట. చెప్పనని మాటిచ్చాను.

జూలై 1, మంగళవారం

గెలిచాను. వరసగా రెండోసారి.

పంతొమ్మిదేళ్ళుగా ఈ మనిషితో చెస్ ఆడుతున్నాను. వన్ టౌన్‌లో టైలరింగ్ షాపు, చదివింది ఏడో తరగతి, బోర్డు ముందు కూర్చుంటే మాత్రం మా క్లబ్బులో లెక్చరర్లు, ఇంజనీర్లు అందరూ ఆయనకి చేతులు కట్టుకోవలసిందే. క్లబ్బు ఫైనల్లో నాలుగు సార్లు ఎదురుపడ్డాను. నాలుగు సార్లూ చిత్తుగా ఓడిపోయాను. ఓడించి, పైగా భుజం తట్టి "బాగా ఆడావ్ కిరీటి" అంటారు. ఆ తట్టడం ఒకటి నాకు ఒళ్ళు మంట.

ఇంటికొస్తే ఉషశ్రీ నా మొహం చూసి, ఇది ఆఫీసు నుంచి తెచ్చుకున్న మొహం కాదే, ఏం జరిగింది అంది. పెళ్ళాల కళ్ళకి ఏదీ ఆనదు అనుకుంటాం గాని, అన్నీ ఆనతాయి.

జూలై 4, శుక్రవారం

మళ్ళీ గెలిచాను. ఈసారి ఆయన మూలనున్న రూక్‌ని ఊరికే వదిలేశారు. తీసుకున్నాను. "అరె, అదెప్పుడు పోయింది" అన్నారు.

పదమూడో తారీఖు ఆదివారం ఫైనల్. ఈ ఏడు కూడా మేమిద్దరమే.

జూలై 8, మంగళవారం

ఇవాళ గెలవడానికి ఆడలేదు. చూడటానికి ఆడాను.

ముందు నా గుర్రాన్ని ఆయనకి కుడి పక్కన, కావాలనే, అప్పనంగా పెట్టాను. నా చెయ్యి వెనక్కి వచ్చేలోపల ఎత్తుకుపోయారు. తర్వాత బిషప్‌ని ఆయనకి ఎడమ పక్కన అలాగే పెట్టాను. ఒక బంటుతో కొట్టెయ్యొచ్చు. కొట్టలేదు. రెండు ఎత్తులు, మూడు, ఐదు ఎత్తులు. నా బిషప్ అక్కడే ఉంది. ఇస్సాక్ భాయ్ అటు చూడనే లేదు. కళ్ళు బోర్డు మధ్యలోకి వస్తున్నాయి, అక్కణ్ణించి కుడికి పోతున్నాయి.

టీ గ్లాసు కూడా అంతే. ఎడమ చేతి దగ్గర పెట్టి వెళ్ళాడు కాంటీన్ అతను. చల్లారిపోయింది. "ఇవాళ నాకు టీ ఇవ్వలేదేంటి" అని ఆయన అరిచారు.

ఆయనకి ఎడమ వైపు మూడు వరసలు కనపడటం లేదు. లేదా కనపడుతున్నా పట్టడం లేదు.

కళ్ళజోడు మార్చాలేమో. అరవై దాటితే ఎవరికైనా వస్తుంది. చెప్పాలి. ఫైనల్ అయ్యాక చెప్తాను. ఇప్పుడు చెబితే పెద్దాయన్ని ఆట ముందు కంగారు పెట్టినట్టవుతుంది, అది మర్యాద కాదు.

జూలై 9

మా ఇరిగేషన్ ఆఫీసులో ఊపిరాడటం లేదు. కాలవలకి నీళ్ళు వదిలారు, చివరి ఊళ్ళకి అందలేదని పొద్దున్నుంచి ఫోన్లు. రాయడానికి ఏమీ లేదు.

జూలై 10

తెల్ల బలగాలతో ఆడితే ఆయన రాజుని కుడి పక్కకి చేర్చుకుంటారు, ఎడమ పక్క నల్లవాటితో ఆడేవాడికి వదిలేసినట్టే. ఫైనల్లో నాకు నల్లవే వచ్చాయి. నేను అడిగి తెచ్చుకోలేదు, చీటీ తీశారు. ఇది నా కోసం రాసుకునే పుస్తకం కాబట్టి అబద్ధం రాయవలసిన పని లేదు. చీటీ తీశారు.

జూలై 11, శుక్రవారం

ఆఫీసులో ఉండగా ఫరహత్ భాభీ ఫోన్ చేశారు. ఆవిడ నాకు ఫోన్ చెయ్యడం పంతొమ్మిదేళ్ళలో మూడోసారో నాలుగోసారో.

"తమ్ముడూ, ఒక మాట అడగొచ్చా. ఆయన నా గురించి నీతో ఏమైనా అన్నారా?"

ఏమీ అనలేదే, ఏమైంది భాభీ అన్నాను.  అప్పుడు చెప్పారు. నాలుగు రోజులుగా ఆయన ఆవిడ చేసిన కూర ముట్టుకోవడం లేదట. కంచంలో ఒక పక్క తిని, రెండో పక్క అలాగే వదిలేసి లేచి చెయ్యి కడిగేసుకుంటున్నారట. అడిగితే అంతా తిన్నాను కదా అంటున్నారట. ముప్పై నాలుగేళ్ళ కాపరంలో ఎప్పుడూ ఇలా కంచం మీద కోపం చూపించలేదట.

"ఏ పక్క వదిలేస్తున్నారు భాభీ?" అన్నాను.

"ఏ పక్కేంటి? కూర వడ్డించే పక్క. ఎడమ పక్క. ఎందుకు?"

"ఏం లేదు, ఊరికే అడిగాను."

"ఆయనలో నీకేమైనా తేడా కనపడిందా తమ్ముడూ? నువ్వు వారానికి రెండు సార్లు ఎదురుగా కూర్చుంటావు కదా."

లేదన్నాను. బాగానే ఆడుతున్నారు అన్నాను. శ్రావణం పెళ్ళిళ్ళ ఆర్డర్లు మీద పడి ఉంటాయి, చిరాకు పడుతున్నారేమో, పట్టించుకోకండి అన్నాను. ఇంత పొడుగు అబద్ధం ఎలా వచ్చిందో నోట్లోంచి. ఆవిడ పాపం, "అంతేనంటావా" అని తేలికపడ్డారు. నాకు థాంక్స్ చెప్పారు.

రెండు రోజులు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆట అయిపోతుంది. ఐదుంబావుకి నేనే చెప్తాను. రెండు రోజుల్లో ఏం మునిగిపోతుంది? బండి మీద నుంచి పడింది నెల కిందట. ఆ మాట చెప్పనని మాట కూడా ఇచ్చాను కదా.

జూలై 13, ఆదివారం

నేనే ఛాంపియన్.

ఎత్తు ఎత్తూ గుర్తుంది, ఇక్కడ రాయను, స్కోర్ షీట్లో ఉంది. మిగతాది రాస్తాను.

క్లాక్ ఆయన ఎడమ చేతి పక్కనుంది. ఆర్బిటర్‌గా కూర్చున్న రత్తయ్యగారికి కనపడేలా అన్ని టేబుళ్ళకీ అటే పెడతారు. ఎత్తు వేశాక క్లాక్ మీట నొక్కాలి, అప్పుడే మన టైమ్ ఆగి ఎదుటివాడి టైమ్ మొదలవుతుంది. ఎనిమిదో ఎత్తు వేసి ఆయన నొక్కలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నేను ఆలోచిస్తున్నాననుకుని నా వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన టైమ్ పోతోంది. నేను తల వంచుకుని బోర్డు చూస్తున్నట్టు కూర్చున్నాను. రూల్ ప్రకారం నేను చెప్పవలసిన పని లేదు. ఆర్బిటర్ చెప్పకూడదు, చూసేవాళ్ళు అసలే చెప్పకూడదు. పదకొండు నిమిషాలు అలా కూర్చున్నాం. పదకొండు నిమిషాలు ఎంతసేపో నాకు ఇవాళ తెలిసింది. మధ్యలో ఆయన నవ్వి, "చాలా సీరియస్‌గా ఉన్నావే" అన్నట్టు కనుబొమలెగరేశారు.

చివరికి అలవాటు కొద్దీ ఆయన చెయ్యి తడుముకుంటూ వెళ్ళి మీట నొక్కింది. ఆ తర్వాత నా బలగాన్నంతా ఆ పక్కకే తోలాను. రెండు బంట్లు తిన్నాను. బిషప్‌ని తిన్నాను. ఆయనకి ఏమీ పట్టలేదు. కుడి పక్కన ఆయన రాజు చుట్టూ అందంగా, పొందిగ్గా ఎత్తులు వేసుకుంటున్నారు, లేని శత్రువుకి తలుపులు వేసుకున్నట్టు.

చివరికి నా రూక్ ఆయన ఎడమ మూలకి దిగింది. మొదటి వరస మొత్తం ఖాళీ. రాజుకి చెక్. ఆయన చూడలేదు. తాపీగా కుడి పక్కనున్న బంటుని ఒక గడి ముందుకి జరిపారు.

హాల్లో ఎవరో ఇబ్బందిగా దగ్గారు. రత్తయ్యగారు లేచి వచ్చి, "ఇస్సాక్ గారూ, చెక్‌లో ఉన్నారండీ" అన్నారు.

"చెక్కా? ఎక్కణ్ణించి?"

కుడి పక్క అంతా వెతికారు. నా క్వీన్‌ని చూశారు, గుర్రాన్ని చూశారు. ఎక్కడా చెక్ లేదు. ఆయన మొహంలో అప్పుడు భయం చూశాను. పంతొమ్మిదేళ్ళలో బోర్డు ముందు ఆ మొహంలో నేను చూడనిది అదొక్కటే. రత్తయ్యగారు వేలు పెట్టి మూలనున్న రూక్‌ని చూపిస్తే, తల మొత్తం అటు తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

చెల్లని ఎత్తు వేసినందుకు నియమం ప్రకారం నా టైమ్‌కి రెండు నిమిషాలు కలిపారు. అవసరం పడలేదు.

లేచి చెయ్యి కలిపారు. "బాగా ఆడావ్. ఆ రూక్ ఎప్పుడొచ్చిందో నాకు తెలియనే లేదు." ఈసారి భుజం తట్టలేదు. ముసలాయన పని అయిపోయింది అని వెనకెవరో అంటుంటే నాకు వినపడింది, ఆయనకీ వినపడే ఉంటుంది.

ఐదుంబావుకి చెప్పాలి కదా. ఐదుంబావుకి నా చేతిలో కప్పు ఉంది, ఫోటోలు తీస్తున్నారు. చూసేసరికి ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయారు.

జూలై 14

రూల్ ప్రకారం తప్పు లేదు.

జూలై 15, మంగళవారం

ఇస్సాక్ భాయ్ క్లబ్బుకి రాలేదు. ఓడిపోయిన సిగ్గు అన్నారు అందరూ. కాదని నాకు తెలుసు. అవునేమో అన్నాను.

ఫోన్ చేద్దామని మూడు సార్లు నంబర్ తీశాను. ఇప్పుడు చెబితే మొదట అడిగే మాట, నీకెప్పుడు తెలుసు అని. ఆదివారానికి ముందే తెలుసని ఎలా చెప్పను? ఇంకో నాలుగు రోజులు ఆగితే, ఫైనల్ తర్వాత గమనించానని చెప్పొచ్చు. ఇలా లెక్కలు వేస్తున్నాను. వేస్తున్నానని ఇక్కడ రాసుకుంటున్నాను కూడా.

జూలై 16

ఉషశ్రీ కప్పు తీసుకెళ్ళి టీవీ పక్కన పెట్టింది. తీసి బీరువాలో పెట్టాను. ఏమిటీ వింత అంది. దుమ్ము పడుతుందన్నాను.

జూలై 17

అన్నం తినబుద్ధి కాలేదు. కంచం చూస్తుంటే ఎడమ పక్కే కనపడుతోంది.

జూలై 18, శుక్రవారం

ఆఫీసుకి సెలవు పెట్టి మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా తయారు చేసుకున్నాను. వెళ్ళేసరికి ఆయన భోజనానికి కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకోవడం కూడా కుడి చెంప వరకే. నన్ను చూసి, "రా ఛాంపియన్" అన్నారు, కొంచెం ముద్దగా. లేచి కుర్చీ వేయబోయారు, ఎడమ కాలు గచ్చు మీద ఈడ్చినట్టు వచ్చింది.

భాభీ నాకూ వడ్డిస్తానన్నారు. వద్దన్నాను. ఆయన తింటున్నారు. కంచంలో సగం, గీత గీసినట్టు, కుడి పక్క అంతా ఖాళీ చేశారు. ఎడమ పక్కన దొండకాయ కూర, పప్పు, అన్నం అలాగే ఉన్నాయి. "ఇంకొంచెం కూర వెయ్యి" అన్నారు భాభీతో. ఆవిడ కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇదిగో తమ్ముడూ, రోజూ ఇదే ఎత్తిపొడుపు అన్నట్టు నా వంక చూశారు.

తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. వంగి, కంచం అంచు పట్టుకుని, సగం చుట్టు తిప్పాను.

"అరె, ఇక్కడుందే కూర" అని ఆయన తినడం మొదలుపెట్టారు. ఎంత ఆకలి మీద ఉన్నారో.

భాభీ కాసేపు కంచాన్ని చూశారు. తర్వాత ఆయన్ని. గరిటె కింద పెట్టేశారు.

"ఇది కోపం కాదు భాభీ. ఆయనకి ఎడమ వైపు పట్టడం లేదు. ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్దాం."

ఆటోలో వెళ్ళాం. స్కాన్ తీశారు. తలలో కుడి వైపు రక్తం గడ్డ కట్టి మెదడుని నొక్కుతోందట. చాలా రోజులుగా కొంచెం కొంచెంగా ఊరుతూ వచ్చిందట. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని డాక్టర్ అడిగితే భాభీ లేదన్నారు. నేను జూన్ పదో తారీఖు సంగతి చెప్పాను. ఆవిడ నా వంక చూసి, మళ్ళీ డాక్టర్ వైపు తిరిగారు.

జూలై 19, శనివారం

పొద్దున ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఎడమ చెయ్యి సంగతే చెప్పలేమన్నారు. ఒక వారం, పది రోజుల ముందు తీసుకొచ్చి ఉంటే ఆ చేతికి ఇంత నష్టం జరిగేది కాదేమో అన్నారు డాక్టర్, మామూలుగా, ఇంకో కాగితం మీద సంతకం పెడుతూ.

కత్తెర పట్టేది కుడి చెయ్యే. బట్టని పట్టేది ఎడమది. బట్ట కదిలితే కత్తెర ఎవరి చేతిలో ఉంటే ఏం లాభం.

వారం, పది రోజులు. ఎనిమిదో తారీఖు నుంచి పద్దెనిమిదికి పది.

జూలై 20, ఆదివారం

హాస్పిటల్ వరండాలో వాళ్ళ చుట్టాలందరూ ఉన్నారు. భాభీ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెట్టారు. ఇంట్లో ఉన్న నేను కనిపెట్టలేకపోయాను, ఈ తమ్ముడు కనిపెట్టాడు, ఈయన లేకపోతే ఇవాళ మనిషి లేడు అని చెప్పారు. దెబ్బ సంగతి దాచిపెట్టినందుకు మాత్రం తిట్టారు, అదీ ప్రేమగా.

"ఆ రోజు ఫోన్లో ఏ పక్క అని అడిగావు చూడు. అప్పట్నించీ నువ్వు దాని గురించే ఆలోచిస్తున్నావు కదా తమ్ముడూ" అన్నారు.

అవును భాభీ అన్నాను.

ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి దువా చేశారు. పారిపోవాలనిపించింది. నిలబడ్డాను. దువా అయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డాను, వాళ్ళకి అది వినయంలా కనపడి ఉంటుంది. దొంగవెధవని.

జూలై 25

ఇంటికి తీసుకొచ్చేశారు. నేను వెళ్ళలేదు. జ్వరం అని చెప్పాను.

జూలై 27, ఆదివారం

భాభీ రెండు సార్లు ఫోన్ చేశారు, ఆయన నన్ను రమ్మంటున్నారని. వెళ్ళాను.

తలకి కట్టు ఉంది. మాట స్పష్టంగా ఉంది. కళ్ళు రెండు వైపులా తిరుగుతున్నాయి. గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ నన్నే చూస్తున్నారు. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టారు, వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. భాభీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

ఫైనల్ తనకి సరిగ్గా గుర్తు లేదన్నారు. నిన్న రత్తయ్యగారు చూడటానికి వస్తే స్కోర్ షీట్ తెప్పించుకుని చూశారట. కాగితం దిండు కింద నుంచి కుడి చేత్తో తీశారు.

"పన్నెండో ఎత్తు నుంచి నీ బలగమంతా ఒక పక్కకే వచ్చింది. నా రాజు ఇటు ఉంటే నువ్వు అటు వెళ్ళావు. పంతొమ్మిదేళ్ళలో నువ్వెప్పుడూ అలా ఆడలేదు కిరీటి. నీకు రాజు మీదికి పోవడం తప్ప ఓపిక ఉండదు."

నేను ఆ కాగితం వంకే చూస్తున్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి నాకు టైమ్ ఇచ్చారు. నిజంగానే ఇచ్చారు, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. పదిహేనో తారీఖు అని చెప్పొచ్చు. పదమూడు అన్నా నమ్మేవారేమో.

"ఎనిమిదో తారీఖు భాయ్. మంగళవారం. బిషప్ పెట్టి చూశాను. మీరు కొట్టలేదు. భాభీ పదకొండున ఫోన్ చేసి అడిగారు, ఏం లేదని చెప్పాను. గెలవాలని ఆగాను. గెలిచాక సిగ్గుతో ఆగాను."

ఆయన స్కోర్ షీట్‌ని మడవబోయారు. ఒక్క చేత్తో సరిగ్గా మడతపడలేదు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేతి వేళ్ళని కుడి చేత్తో ఒక్కొక్కటీ తెరిచి, మళ్ళీ వదిలేశారు. అవి మళ్ళీ ముడుచుకున్నాయి.

"నన్ను అడిగి ఉంటే ఆ కప్పు నేనే ఇచ్చేవాణ్ణి కదరా" అన్నారు.

ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిచే హక్కు కూడా లేదనిపించి ఆపుకున్నాను. క్షమించమన్నాను. లోపల గ్లాసుల చప్పుడు వినపడింది.

"ఫరహత్‌కి ఇది చెప్పకు. నీ కోసం కాదు. పది రోజులు తను నా మీద అలిగింది, నేను తన మీద అలిగాననుకుని. ఇప్పుడు నువ్వు దొరికావు తనకి, మంచివాడివని. అదొక్కటీ తీసెయ్యకు. నువ్వు వస్తూ ఉండు, టీ తాగు, కూర్చో. మన మధ్య ఆట మాత్రం ఇంక వద్దు."

సరే అన్నాను. భాభీ టీ తెచ్చారు. తాగాను.

జూలై 29, మంగళవారం

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాన గురించి మాట్లాడుకున్నాం, కాలవ నీళ్ళ గురించి అడిగారు, చెప్పాను. షాపులో కటింగ్‌కి ఇంకో మాస్టర్‌ని పెడుతున్నారట.

భాభీ లోపలి నుంచి చెస్ బోర్డు తెచ్చి మా ఇద్దరి మధ్యన స్టూల్ మీద పరిచారు. డాక్టర్ కూడా మెదడుకి పని పెట్టమన్నారట. ఆవిడకి ఏది ఎక్కడ పెట్టాలో సరిగ్గా తెలియదు, గుర్రాల చోట బిషప్‌లు పెట్టారు. ఆయన సర్దలేదు. నేనూ సర్దలేదు.

"కళ్ళు లాగుతున్నాయి ఫరహత్, ఇవాళ వద్దు" అన్నారు ఆయన.

"నువ్వైనా చెప్పు తమ్ముడూ. ఇన్నేళ్ళు నువ్వు రమ్మంటే చాలు, అన్నం మధ్యలో లేచి వచ్చేవారు."

ఆయనకి ఓపిక రావాలి కదా భాభీ అన్నాను. ఆవిడ ఒక్కొక్కటే మళ్ళీ డబ్బాలో వేశారు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"పోనీ శుక్రవారం ఆడుదురు గాని. శుక్రవారం తప్పకుండా రా."

అలాగే వస్తాను భాభీ అన్నాను.